నాయన చేసిన వంకర పడవ

మొన్న ధర్మవరం నుంచి హిందూపురంలో ఉండే మా చిన్నకూతురి ఇంటికి పోతుంటే, పెనుకొండ దగ్గర టీ కోసం బస్సు ఆపారు. హోటలు ముందర ఒక పొడుగాటి లారీ మీద పాతకాలపు మోటారు పడవ, చేపల వేటకు పోయేది, తాళ్ళతో కట్టి ఉంది. ఇటువంటివి ఇప్పుడు వెతికినా దొరకవని, బెంగుళూరులో ఎవరో ముచ్చటపడి బాగు చేయించుకుంటున్నారని డ్రైవరు చెప్పాడు. కుర్రవాళ్ళు దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతుంటే, నేను మోకాళ్ళ నొప్పి మరిచి వంగి, పడవ అడుగును ఈ పక్క నుంచి ఒకసారి, ఆ పక్క నుంచి ఒకసారి చూశాను. రెండు పక్కలూ ఒకటిగానే ఉన్నాయి. ఉంటాయని తెలియక కాదు, చూడకుండా ఉండలేకపోయాను. "ఏం పెద్దాయనా, కొంటావా ఏంది?" అని డ్రైవరు నవ్వాడు.

మా నాయన ధర్మవరంలో మగ్గాలు చేసే వడ్రంగి. ఆయన బిగించిన మగ్గానికి రసమట్టం పెట్టి చూడాల్సిన పని లేదని నేతగాళ్ళు అనేవారు. నేను ఐటీఐ చదివి, హిందూపురంలో నీళ్ళ ట్యాంకులు, బస్సు సీట్లు అచ్చుపోసే ఫైబరు షెడ్డులో కొత్తగా చేరిన రోజులవి. కోస్తా నుంచి ఒకాయన వచ్చి, తన తండ్రి కాలం నాటి వేట పడవ చెక్క పుచ్చిపోయిందని, అటువంటిది చేసేవాళ్ళు ఇప్పుడు లేరని, అదే ఆకారం ఫైబరులో కావాలని దాని పాత పటం ఇచ్చిపోయాడు. అచ్చు తీయాలంటే ముందు అంత పెద్ద పడవనూ చెక్కతో చేయాలి. మా నాయన చేస్తాడని నేనే ఎగిరి గంతేసి యజమానికి చెప్పాను. నాయన గానీ నేను గానీ సముద్రం మొహం చూసినవాళ్ళం కాదు.

పటంలో పడవను పక్క నుంచి, పై నుంచి చూపిన బొమ్మలు బాగానే అర్థమయ్యాయి. ముందర నిలబడి నడిపే చోటు, నడుమ పెట్టెలో ఇంజను, వెనుక చేపను లాగడానికి అడ్డం లేకుండా వదిలిన చోటు, అన్నీ నాయనకు వివరించాను. తిప్పలన్నీ మూడో బొమ్మతోనే వచ్చాయి. నడుమ ఒక నిలువు గీత, దానికి కుడి పక్క కోసుగా లోతుకు దిగే గీతలు, ఎడమ పక్క దాదాపు చదునుగా పోయే గీతలు. ఎంత చూసినా బుర్రకెక్కలేదు, ఎక్కలేదని చెప్పడానికి నోరూ రాలేదు. "ఏంరా, ఒక పక్క నాగలి మాదిరి, ఇంకో పక్క పళ్ళెం మాదిరి ఉండాదే. పడవలు ఇట్లే ఉంటాయా?" అని నాయన అడిగాడు. సముద్రంలో అలలు ఒక పక్క నుంచే వస్తాయని, అందుకే అవి తగిలే పక్క కోసుగా, రెండో పక్క చదునుగా చేస్తారని చెప్పేశాను. ఆ మాట ఎక్కడి నుంచి తట్టిందో ఇప్పటికీ తెలియదు, చెప్పాక నాకే నిజమనిపించింది కూడా. "చదువుకున్నోనివి, నీకు తెలుసులే" అని నాయన ఉలి అందుకున్నాడు.

నాయన షెడ్డులోనే ఉండి చేసిన నెల రోజుల పని అది. షెడ్డుకు వచ్చినవాళ్ళంతా తల పక్కకు వంచి చూసేవారు. నాయన కూడా సాయంత్రాలు పని ఆపి దాని ముందు నిలబడేవాడు. ఆఖరుకు కోస్తా ఆయన వచ్చి, పడవ చుట్టూ ఒకసారి తిరిగి, బోర్లించిన ట్యాంకు మీద కూలబడ్డాడు. పడవకు రెండు పక్కలూ ఒకటే కాబట్టి సగమే గీస్తారట. మూడో బొమ్మలో గీతకు కుడివైపు ఉన్నది ముందు నుంచి చూసిన సగం, అలను కోయడానికి కోసుగా, ఎడమవైపు ఉన్నది వెనుక నుంచి చూసిన సగం, వేగంలో నీళ్ళ మీదికి తేలడానికి చదునుగా. యజమాని మొహం ఎర్రబడింది, పటం చదివిందెవరని అడిగాడు. ఉద్యోగం పోయినట్లే అనుకున్నాను. నేను నోరు తెరిచే లోపల నాయన ముందుకు వచ్చి, "అలలు ఒక పక్కనుంచే వస్తాయనుకుంటి సామీ. తప్పు నాదే. విప్పి మళ్ళా చేస్తా" అన్నాడు.

చేశాడు కూడా. రెండోసారి నన్ను ఒక్క మాటా అడగలేదు, అన్నీ కోస్తా ఆయన్నే అడిగి తెలుసుకున్నాడు. పడవ బాగా కుదిరింది, నా ఉద్యోగం నిలిచింది. ధర్మవరం తిరిగిపోయాక నాయన ఆ కథను టీ కొట్లలో, పెళ్ళిళ్ళలో, తన తెలివితక్కువతనంగా ఏళ్ళ తరబడి చెప్పాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. చెబుతున్నంతసేపూ నా వైపు చూసేవాడు కాదు. నన్ను కాపాడుతున్నాడో, చెప్పి చెప్పి అది తన మాటేననుకున్నాడో, కాదు నాయనా ఆ మాట అన్నది నేను అని నేను లేస్తానేమోనని ఎదురుచూశాడో, నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఆయన దినం రోజున కూడా స్నేహితులు అదే చెప్పుకొని నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడైనా నేను లేవలేదు.

ఈ రోజుల్లో పడవ బొమ్మను ఫోనులో ఎటు కావాలంటే అటు తిప్పి చూడవచ్చట, తెలియదని ఒప్పుకోవడానికి ఎవరూ అంతగా సిగ్గుపడాల్సిన పని లేదు. మా కాలంలో నాలుగు అక్షరాలు వచ్చినవాడికి ఆ సిగ్గు ఎంత ఉండేదో నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆ అలల మాట నాదేనని ఇన్నాళ్ళకు ఇక్కడ రాస్తున్నాను. కానీ అది విని మా నాయనను చూసి నవ్విన వాళ్ళలో, ఇది చదవడానికి ఒక్కరూ మిగల్లేదు.