పసుపు గొడుగుల పాట

ఎమ్మిగనూరులో మా మగ్గాల ఇంట్లో టేప్ రికార్డరు ఉండేది, టీవీ లేదు. ఎనభైల్లో వచ్చిన ఒక హిందీ పాప్ క్యాసెట్టును నేను ఎంతగా వేసేదాన్నంటే, టేపు సాగిపోయి పాడే అమ్మాయి గొంతు అక్కడక్కడా మగగొంతయ్యేది. మగ్గం చప్పుడులో సగం మాటలు వినబడవు. వినబడినా నాకు హిందీ అంతంత మాత్రం. అయినా ఆ పాటలన్నీ నావే అనుకునేదాన్ని.

అలాంటిది, ఆ పాటలకు వీడియోలు కూడా తీశారనీ, వాటిని తాను చూసేసిందనీ ఆదోని నుంచి వచ్చిన మా మేనత్త కూతురు చెప్పింది. నాకంటే చిన్నది. వాళ్ల పక్కింటి పత్తి జిన్నింగు మిల్లు షావుకారు వీసీఆర్ కొన్నాడట. నాకు ఒళ్లు మండిపోయింది. పాటలు అరగదీసింది నేను, బొమ్మలు చూసేది ఇదా? కానీ వినకుండా ఉండలేను కదా! పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. అది కండెలకు నూలు చుడుతూ చెప్పింది.

"ఒక పాటలో ఆయమ్మ గోడమీద బొగ్గుతో తలుపు గీస్తాది వదినా. గీసిన తలుపు తెరుసుకొని లోపలికి పోతాది! ఇంగో పాటలో వీధంతా గొడుగులే. అన్నీ పసుపు గొడుగులు. ఆకాశమేమో వంకాయ రంగు. గొడుగుల సుట్టూ సన్నంగా చిలకపచ్చ."

ఆ రంగులు నన్ను పట్టుకున్నాయి. నాయనను బతిమాలి నూలుకు అవే రంగులు వేయించాను. వంకాయ రంగు చీరకు పసుపు అంచు పెట్టి, రెండింటి మధ్య చిలకపచ్చ గీత నేశాను. మాకు నూలిచ్చే ఆసామి ఆ చీరను వాకిట్లోకి తీసుకుపోయి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, ఇలాంటివే ఇంకా కావాలన్నాడు.

"మా పాపకు రంగుల మీద సూపుండాదప్పా" అన్నాడు నాయన.

నాయన ఎవరినీ మెచ్చుకునే మనిషి కాడు. ఆ మాట కోసం నేను ఎన్నాళ్లుగా కాచుకుని ఉన్నానో నాకే తెలుసు. వీడియోలో ఉన్న రంగులు ఎవరు చూసినా చెబుతారు, నేసింది మాత్రం నేనే అనుకుని పొంగిపోయాను.

రంగులు కొనడానికి నాయన ఆదోని వెళ్తుంటే నేనూ బస్సెక్కాను. మేనత్త అడిగితే షావుకారింటివాళ్లు మమ్మల్నీ దాన్నీ హాల్లో చాప మీద కూర్చోబెట్టి వీడియో పెట్టారు.

బొగ్గు తలుపు పాట వచ్చింది. తలుపు లోపల ఇంకో గోడ. ఆమె దానిమీద కిటికీ గీస్తుంది. కిటికీలోంచి వాన కొట్టి, గీసినవన్నీ కారిపోతాయి. పాటలో ఆ చోట డ్రమ్ములు ఆగుతాయని నాకు ఎప్పుడో తెలుసు. ఎందుకు ఆగుతాయో అప్పుడే తెలిసింది. ఎవడు తీశాడో గానీ, ఆ ఊహ నాకెందుకు రాలేదని వాడిమీద కూడా కుళ్లుకున్నాను.

తర్వాత గొడుగులు వచ్చాయి. తెల్ల గొడుగులు, బూడిదరంగు ఆకాశం.

"టీవీలో రంగులు పోయినాయేమో" అన్నాడు నాయన.

"ల్యేదు మామా, ఈ టీవీనే బ్లాక్ అండ్ వైటు" అంది అది.

"మరి పసుపని సెప్తివే?"

"ఉత్త తెల్లగా ఉంటే ఏం బాగుంటాది మామా? నేనే రంగులేసుకొని సూస్తాంటా."

అంటే నా చీర రంగులు వీడియోవి కావు, దానివి. రంగుల నీళ్లలో చేతులు ముంచుతూ పెరిగింది నేను. ఇంటినిండా తెల్ల పత్తి దుమ్ము పడే ఊళ్లో పెరిగింది అది. ఇప్పుడు నాయన దీనికి చీవాట్లు పెట్టాలి, అబద్ధాలకోరు అనాలి అని మనసులో మొక్కుకున్నాను. నాయన మాత్రం గొడుగుల వంకే చూస్తూ కూర్చున్నాడు. పాట అయిపోయి ఇంకో పాట మొదలైంది. అందులో చుట్టూ అద్దాలు.

నాయన నా పక్కనుంచి లేచి దాని పక్కన కూర్చున్నాడు.

"దీనికేం రంగులేసినావు పాపా?" అని అడిగాడు.

ఆ అద్దాల పాట ఎట్లా ముగిసిందో నాకు తెలియదు. నేను వాళ్లిద్దరినే చూస్తూ కూర్చున్నాను.