మూడో చరణం మరిచిపోయే గంబో

బిగ్ గంబో మూడో చరణం మరిచిపోతాడు. అమెరికాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఈ సంగతి తెలియని రాప్ అభిమాని లేడు. అసలు పేరు లావెల్ పెటవే. తలుపుల్లోంచి పక్కకి తిరిగి దూరాల్సిన శరీరం. మొదటి రెండు చరణాలూ టపాకాయల్లా పేల్చేస్తాడు. స్పీకర్లు అదిరి, బయట ఆపిన కార్ల అద్దాలు గలగలమంటాయి. మూడో చరణం దగ్గరికొచ్చేసరికి, ప్రశ్నపత్రం అర్థంకాని పిల్లాడిలా నోరు తెరిచి పైకి చూస్తూ నిలబడిపోతాడు.

అప్పుడు థాడ్ మింటర్ అందుకోవాలి. థాడ్ అతని చిన్ననాటి నేస్తం, స్టేజి మీద పక్కనే నిలబడి గొంతు కలిపేవాడు. సన్నటి మనిషి, ఉత్త పిరికివాడు. గంబో మరిచిపోతాడన్న బెంగతో మధ్యాహ్నం నుంచే చరణాలన్నీ వల్లె వేసుకునేవాడు. షో ఉన్న రోజు ముద్ద దిగేది కాదు. గంబో మాత్రం స్టేజి ఎక్కబోయే ముందు కూడా వేయించిన క్యాట్‌ఫిష్ తింటూ, "ఇవాళ చరణం గుర్తుందిరా, నువ్వు హాయిగా ఉండు" అనేవాడు. ఆ మాట వినగానే థాడ్‌కి చెమటలు పట్టేవి.

మెంఫిస్‌లో మరిచిపోయాడు. హ్యూస్టన్‌లో మరిచిపోయాడు. ఒక రేడియో స్టేషన్‌లో తన పేరు మీద తానే రాసుకున్న పాటలో తన పేరే మరిచిపోయాడు. "నేనెవర్నిరా?" అని మైకులోనే అడిగాడు. థాడ్ గబగబా చెప్పాడు. ఊరంతా అది పాటలో భాగమే అనుకుని వారం రోజులు ఆ ముక్కనే పాడుకుంది.

థాడ్ అతన్ని డాక్టరుకి చూపించాడు. డాక్టరు తలంతా పరీక్షించి ఏ లోపమూ లేదన్నాడు. గంబో తల్లి మిస్ ఎర్నస్టీన్ దగ్గరికెళ్ళి మొర పెట్టుకున్నాడు. ఆవిడ బఠానీలు వలుస్తూ, "చర్చిలో కీర్తనలు మొత్తం అప్పజెప్పేవాడు నాయనా. మరి ఇదేం రోగమో" అంది. థాడ్ వైపు ఒకసారి జాలిగా చూసి, ఒక పళ్ళెం నిండా అన్నమూ చిక్కుళ్ళూ పెట్టి పంపించింది.

ఆ అక్టోబరులో జాతర మైదానంలో పెద్ద కచేరీ కుదిరింది. అట్లాంటా నుంచి రికార్డు కంపెనీ తరఫున వెల్డన్ వస్తున్నాడు. కొత్త ఒప్పందం రాయాలా, పాతదాంతో వదిలేయాలా అన్నది ఆ పూటే తేలుతుంది. సరిగ్గా ఆ ఉదయమే థాడ్ లేచేసరికి గొంతు పోయింది. గాలి తప్ప మాట రాదు.

తేనె తాగాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, అంతా అయ్యాక గంబో ముందు చేతులు తిప్పి, కచేరీ మానుకుందామని సైగ చేశాడు. గంబో అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "చూద్దాంలేరా" అన్నాడు. చూడ్డానికేముంది? అన్నీ ఆ మూడో చరణంతోనే మునిగిపోతాయి. థాడ్ మిఠాయి దుకాణం దగ్గర ఒక అట్టపెట్టె చింపి, చరణం మొత్తం పెద్ద అక్షరాలతో రాసుకుని స్టేజి ముందు కూర్చున్నాడు.

మొదటి చరణం అయింది. రెండోదీ అయింది. థాడ్ అట్ట పైకెత్తాడు. కంగారులో దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.

గంబో అటు చూడనే లేదు. మూడో చరణం ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పుకుపోయాడు. ఆ పాటే కాదు, తరవాతి పాటలన్నీ అంతే. మధ్యలో థాడ్ అనాల్సిన ముక్కలు కూడా థాడ్ గొంతుతోనే అనేశాడు. జనం ఊగిపోయారు. థాడ్ అట్ట దించడం కూడా మరిచిపోయి అలాగే కూర్చుండిపోయాడు.

పక్కన కూర్చున్న వెల్డన్ టోపీ తీసి తల గోక్కుంటూ థాడ్‌తో అన్నాడు. "వీడికి మతిమరుపు లేదన్నమాట. మొదట్లో నేనే చెప్పాను గంబోకి, ఇద్దరెందుకు, ఆ సన్నవాణ్ణి ఇంటికి పంపెయ్ అని. సరేనన్నాడు. ఆ మర్నాటి షోలోనే మొదటిసారి మరిచిపోయాడు. నువ్వు లేకపోతే వాడికి నోరు పెగలదని మేమే నీ పేరు కూడా ఒప్పందంలో ఎక్కించాం." "ఇన్నాళ్ళూ నన్ను వెర్రివెధవని చేశాడు" అని తనలో తనే నవ్వుకున్నాడు. ఆ సాయంత్రమే కొత్త ఒప్పందం రాశాడు, ఇద్దరి పేర్లతోనూ.

థాడ్ విసవిసా స్టేజి వెనక్కి వెళ్ళాడు. అనాల్సింది కొండంత ఉంది, గొంతేమో లేదు. వేలు చూపించాడు, గుండె మీద కొట్టుకున్నాడు, కాలు నేలకేసి తన్నాడు. గంబో చేప ముక్క నములుతూ అన్నీ శ్రద్ధగా చూశాడు.

"ఏమోరా, ఇవాళెందుకో గుర్తొచ్చింది" అన్నాడు. ఇంకో ముక్క థాడ్ చేతిలో పెట్టాడు. "తిను. పొద్దున్నించీ ఏం తినలేదు నువ్వు."

పై వారం మన్రోలో కచేరీ. థాడ్ గొంతు వచ్చేసింది. ఏళ్ళ తరవాత మొదటిసారి కడుపునిండా తిని స్టేజి ఎక్కాడు. మూడో చరణం దగ్గర గంబో ఎప్పటిలాగే నోరు తెరిచి ఆకాశం చూశాడు. థాడ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళ సీసా తీసి తీరిగ్గా తాగాడు. ఒక గుక్క. ఇంకో గుక్క. జనం గొణగడం మొదలుపెట్టారు.

గంబో నుదుటి మీద చెమట బొట్టు జారింది. మెల్లగా పక్కకి జరిగి, మైకు చేత్తో మూసి అన్నాడు.

"ఒరేయ్, ఈసారి నిజంగానే మరిచిపోయాను."

థాడ్‌కి నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకోలేక పొట్ట పట్టుకుని వంగిపోయాడు. ఆ నవ్వులో తన నోటికీ ఒక్క ముక్క రాలేదు. చివరికి ఆ చరణం ముందు వరసలో ఆడవాళ్ళు అందుకుంటే, వాళ్ళ వెనకాల ఇద్దరూ బుద్ధిగా పాడుకుంటూ వెళ్ళారు.