ఖాళీ చేతులు

నార్వేలోని బెర్గెన్‌లో గుద్రున్‌ని ఊలూ సూదులూ లేకుండా చూసినవాళ్లు లేరు. బస్సులోనూ అల్లేది, మీటింగుల్లోనూ అల్లేది. చెల్లెలు ఓస్‌హిల్ద్ పోయాక భోజనాల బల్ల దగ్గర కూడా అల్లుతూనే ఉంది. మొగుడు తూర్లైఫ్ స్వెట్టరుకి చెయ్యి అల్లుతూ ఆపడం మరిచిపోయింది. ఆ చెయ్యి మోకాలు దాటిపోయింది.

"ఏమోయ్, ఇది నాకేనా, గొరిల్లాకా?" అన్నాడు తూర్లైఫ్.

నవ్వబోయి ఏడ్చేసింది. అల్లిక ఒళ్లోంచి జారిపోయింది. వేళ్లు అలవాటుగా దానికోసం వెతికాయి గానీ ఆమె వంగి తీసుకోలేదు.

"కాఫీ పెట్టనా?" అన్నాడాయన.

"వద్దు, ఊరికే కూర్చో. అల్లిక ఆగితే చెల్లి గొంతే వినిపిస్తోంది. వినిపించనీ."

ఆయన కూర్చున్నాడు. చాలాసేపటికి ఏడుపు దానంతటదే సన్నగిల్లింది. ఆమె ముక్కు చీదుకుని, "ఆకలేస్తోంది. చేపలేమైనా మిగిలాయా?" అంది. చెల్లెలు పోయాక ఆమె తినడానికి అడగడం అదే మొదటిసారి.