రాయికి దూపైతదా

అమీన్‌పూర్‌లో మా కాలనీకి ట్యాంకర్ వచ్చి, తడి రబ్బరు పైపు వాసన తగిలితే చాలు, నాయనమ్మ మీద పాత కోపం మళ్లీ లేస్తుంది.

చిన్నప్పుడు పటాన్‌చెరులో మా గల్లీ బోరు నీళ్లు పచ్చగా, మందుల కంపుతో వచ్చేవి. తాగడానికీ వండడానికీ ట్యాంకరే దిక్కు. బిందెలు పెడితే మాయమవుతాయని ఇంటికొక రాయి వరుసలో పెట్టేవాళ్లం. ఆ రోజు బడి ఎగ్గొట్టి మరీ మా రాయిని అందరికంటే ముందు పెట్టాను. క్లాసులో ఎన్నడూ రాని ఫస్టు అక్కడ వచ్చింది.

బిందె కోసం ఇంటికి వెళ్లొచ్చేసరికి, ఒడిశా నుంచి కొత్తగా దిగినామె గల్లీ శుభ్రంగా ఊడ్చి, రాళ్లన్నీ మూలకు కుప్ప పోసింది! ట్యాంకర్ రాగానే ఒకటే కొట్లాట. మాకు దొరికింది ఒక్క బిందె. నాయనమ్మ దాన్ని, సంకలో దాహానికి ఏడుస్తున్న పిల్లతో, ఖాళీ బకెట్‌తో నిలబడ్డ ఆ ఒడిశా ఆమెకే పోసింది.

“ముందుగాల పెట్టింది మన రాయే గదనే!” అని ఏడ్చాను.

“రాయికి దూపైతదా? ఆమె సంకల పోరికి ఇప్పుడైతుంది. నోర్మూసుకొని నడువు.”

ఆ పూట పొడి అటుకులు నములుతూ, ముసలిదానికి వరుసంటే ఏందో తెలియదని తేల్చేశాను.

ఇవాళ నా వంతు రాగానే, చిట్టచివర ఎండలో డబ్బా పట్టుకొని నిలబడ్డ కూలామె కనబడింది. విసుక్కుంటూనే పిలిచి, పైపు ఆమె డబ్బాలో పెట్టి, నాయనమ్మను ఇంకోసారి తిట్టుకున్నాను.