నేను వద్దన్న రక్తం

మా మనవరాలికి పదిహేనో ఏట రక్తంలో క్యాన్సర్ అని తేలింది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. డాక్టరు చెప్పిన పేరు నాకు నోరు తిరగలేదు. తిప్పుకోవాలని ప్రయత్నించనూ లేదు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందేమోనని భయం. మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని "అది" అనే అంటాం.

వైద్యం విశాఖ పెద్దాసుపత్రిలో. అక్కడ పది రోజులు ఉంచి మందులు ఎక్కించేవారు. తర్వాత రెండు మూడు వారాలు నర్సీపట్నంలో మా ఇంటి దగ్గర. అలా నెలల తరబడి. ఇంటికి వచ్చినప్పుడు పిల్ల ఒంట్లో సత్తువ ఉండదు కాబట్టి, నీళ్ళు మరగబెట్టి ఇవ్వాలి, పచ్చివి పెట్టకూడదు, బయటివాళ్ళు దగ్గరికి రాకూడదు. పువ్వులు కూడా ఇంట్లోకి తేవద్దన్నారు. నా కాపురంలో మొదటిసారి దేవుడి పటాలు బోసిగా ఉన్నాయి. ఆ గదిలోకి వెళ్తే పటాల్లో దేవుళ్ళు మమ్మల్ని గుర్తు పట్టనట్టు చూసేవారు.

వీధివాళ్ళు మంచివాళ్ళు. పాలు, ఉడికించిన గుడ్లు, కూరలు తెచ్చి ప్రహరీ గోడ మీద పెట్టేవారు. పిల్లకి ఊపిరి తగలకూడదని ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని వచ్చి, గిన్నె పెట్టి, మాట్లాడకుండా వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళేవారు. ఎవరు ఏది తెచ్చారో తెలిసేది కాదు. పొద్దున్నే లేచి చూస్తే గోడ మీద గిన్నెలు వరసగా ఉండేవి, వాటి పక్కన మనిషి ఉండేవాడు కాదు. చేసేది సాయమే అని తెలుసు. అయినా ఆ గిన్నెలు చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది. మా ఇంట్లో అలా బయట పెట్టేది పోయినవాళ్ళకే.

అన్నిటికంటే కష్టం రక్తం. పిల్లది ఓ నెగెటివ్. ఆ ఇంగ్లీషు అక్షరాలు నాకు చదవడం రాదు గానీ, సున్నా పక్కన చిన్న గీత ఉంటే మనకి పనికొస్తుందని నేర్చుకున్నాను. ఆ రకం వాళ్ళు చాలా తక్కువ. ఒకసారి ఇచ్చినవాళ్ళు మళ్ళీ మూడు నెలల దాకా ఇవ్వకూడదట. మా వెనక వీధి చర్చిలో పాస్టరుగారి భార్య ఫోనుల్లో అడిగి అడిగి మనుషుల్ని పోగు చేసింది. మేము ఆ చర్చికి వెళ్ళేవాళ్ళం కాదు. ఆవిడ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. రావికమతం నుంచి చెరకు రైతు ఒకాయన, టిఫిను బండి ఆవిడ, పాయకరావుపేట నుంచి ఒక లెక్కల మాస్టారు, ఇలా ఒక్కొక్కరే విశాఖ వెళ్ళి ఇచ్చి వచ్చారు.

వింత అప్పుడు మొదలైంది.

టిఫిను బండి ఆవిడ రక్తం ఎక్కించిన తర్వాత, పుట్టినప్పటినుంచి అల్లం వాసనకే మొహం తిప్పుకునే పిల్ల, అల్లం పచ్చడి కావాలని ఏడ్చింది. మాస్టారు ఇచ్చాక పడుకుని వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకునేది. చెరకు రైతు ఇచ్చి వెళ్ళిన నాలుగో రోజున, అన్నం తింటూ తింటూ ఆగి, "మామ్మా, ఆ తోక లేని కుక్క ఏటైపోయింది?" అంది.

"ఏ కుక్కే? మనకి కుక్కెక్కడిది?"

"అదే, పాక కాడ కట్టీసి ఉంటాది గదా."

తర్వాత పాస్టరమ్మగారి చేత ఆ రైతుకి ఫోన్ చేయించాను. వాళ్ళ పాక దగ్గర తోక తెగిన కుక్క ఉండేదట, ఆ వారమే చచ్చిపోయిందట. ఆసుపత్రిలో ఆయన మాటల్లో అని ఉంటాడు, పిల్ల విని ఉంటుంది అంది ఆవిడ. డాక్టరు, పిల్ల మింగే మాత్రలకి రుచులు మారతాయి, ఆకలి పెరుగుతుంది, కంగారు పడొద్దన్నాడు. ఇద్దరూ నాకంటే చదువుకున్నవాళ్ళు. సరేనన్నాను. కానీ పిల్ల పడుకున్నప్పుడు వెళ్ళి మొహంలోకి చూసేదాన్ని, లోపల ఎవరున్నారో అని.

దానికి నా భయం తెలిసిపోయింది. వేళాకోళం మొదలుపెట్టింది.

"మామ్మా, ఇప్పుడు నాలో ఎంతమంది ఉన్నారో సెప్పుకో."

"నోర్ముయ్. గంజి తాగు."

"గంజి నాకొద్దు, మాస్టారికి కావాలంట."

అది నవ్వేది. జుట్టు లేని నున్నటి తల ఊగేది. నాకు నవ్వు వచ్చేది కాదు. రక్తంతో పాటు మనిషి గుణం కూడా వస్తుందని నా మనసులో పడిపోయింది. ఇక ఎవరి రక్తం పడితే వారిది రానివ్వకూడదనుకున్నాను.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం గేటు బయట ఒకతను వచ్చి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, తడిపి దువ్విన తల. గేటు ముట్టుకోలేదు. చూడగానే పోల్చుకున్నాను. శ్మశానంలో కట్టెలు పేర్చే మనిషి. మా ఆయన్నీ అతనే కాల్చాడు.

పిల్ల అరుగు మీద మంచంలో ఎండకి కూర్చుని ఉంది. అతను దానివైపు చూశాడు. తల దగ్గర మొదలుపెట్టి, మెల్లగా పాదాల దాకా. పాదాల దగ్గర ఆగి, మళ్ళీ తల దాకా వచ్చాడు. పెదాలు కదిలాయి. నేను చిన్నప్పుడు బెల్లం పొయ్యిల దగ్గర పనిచేసినదాన్ని. కట్టెలు అంచనా కట్టేవాడి చూపు నాకు తెలుసు.

"పిల్లా, లోపలికెల్లు," అన్నాను. అది వెళ్ళి గదిలో కిటికీ దగ్గరున్న మంచం మీద పడుకుంది.

"అమ్మగోరూ, రగతం కావాలని ఆటో స్టాండు కాడ అనుకుంతంటే ఇన్నాను. నాది అదేనండి," అని ఒక చీటీ అందించాడు. ఎప్పుడో ఎవరికో కాన్పులో ఇస్తే ఆసుపత్రివాళ్ళు రాసిచ్చారట. సున్నా, పక్కన గీత, కింద అతని ఫోన్ నంబరు.

నేను చీటీ అందుకుని, "మాకు మనుషులు దొరికేరు. అక్కర్లేదు," అన్నాను.

అతను ఒక్క క్షణం నా మొహం చూశాడు. "సరేనమ్మగోరూ" అని వెళ్ళిపోయాడు.

ఎవరూ దొరకలేదు. ఈ సంగతి నా కొడుక్కి చెప్పలేదు, పాస్టరమ్మగారికీ చెప్పలేదు. మా ఇంట్లో కాగితం ముక్క పారెయ్యను. మందుల అట్టలు, బస్సు టిక్కెట్లు అన్నీ నీళ్ళ పొయ్యి రాజెయ్యడానికి దాస్తాను. మర్నాడు ఆ చీటీతోనే పొయ్యి రాజేశాను.

పది రోజుల తర్వాత, ఉదయం పళ్ళు తోముకుంటూ ఉండగా పిల్లకి ముక్కు నుంచి రక్తం మొదలైంది. గుడ్డలు తడిసిపోతున్నాయి, ఆగడం లేదు. ఇక్కడి డాక్టరు ముక్కులో గుడ్డ కుక్కి, బేగి విశాఖ తీసుకెళ్ళమన్నాడు. ఎదురింటివాళ్ళ కారులో కొడుకూ కోడలూ తీసుకుని వెళ్ళారు. కారు ఎక్కించేటప్పుడు పిల్ల నా మొహంలోకి చూసింది. మాట్లాడడానికి లేదు, నోట్లో కూడా రక్తమే. ఊరికే చూసింది.

పదకొండింటికి కొడుకు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇక్కడ ఆ గ్రూపు ఒక్క సంచే ఉందంట, అది ఎక్కిస్తన్నారు. ఇంకా కావాలి. పాస్టరమ్మగారు అందర్నీ అడిగేసింది, ఇచ్చినోళ్ళకి ఇంకా మూడు నెలలు అవనేదు. నీకెవరైనా తెలుసేటే?"

"సూస్తాను," అని పెట్టేశాను.

చీటీ బూడిదైపోయింది. ఇక వెళ్ళి పిలవడం ఒక్కటే దారి. మాలో ఆడవాళ్ళు శ్మశానంలో అడుగు పెట్టరు. మా ఆయన పోయినప్పుడు కూడా నేను వీధి మలుపు దగ్గర ఆగిపోయాను. ఆ రోజు మిట్టమధ్యాహ్నం, నీడ కాళ్ళ కిందే ఉన్న వేళ, ఒక్కదాన్నే ఆ గేటు దాటాను.

లోపల చప్పుడు లేదు. రోడ్డు మీద లారీల మోత గేటు దగ్గరే తెగిపోయినట్టు ఆగిపోయింది. కాకి లేదు, కుక్క లేదు. గాలి లేకుండానే బూడిద కొంచెం కొంచెం లేచి నేల మీద జరుగుతోంది. ఎవరో నా ముందు నడుస్తున్నట్టు, నేను ఆగితే అదీ ఆగుతోంది. అతను రేకుల షెడ్డు కింద కట్టెలు పేరుస్తున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"వొచ్చేరా," అన్నాడు.

"ఆ రోజు నీకు అబద్దం సెప్పేను. మాకెవరూ దొరకనేదు."

"తెల్సండి. ఆ గ్రూపోల్లు దొరకరు. అందుకే ఆ పొద్దు కాడ నుంచి మందు ముట్టనేదు. ఎప్పుడు పిలుస్తారో తెల్దు గదా."

కట్టెల మీద కూర్చుండిపోయాను. కాని అడగాల్సింది అడక్కుండా లేవలేకపోయాను.

"మా పిల్లని అలాగెందుకు సూసేవు?"

అతను సిగ్గుపడ్డాడు. "అలవాటండి. ఎవుర్ని సూసినా ఎన్ని కట్టెలు పడతాయో కంటికి తెలిసిపోద్ది. వొద్దన్నా తెలిసిపోద్ది. మీ పిల్లని సూత్తే లెక్క రానేదు. అందుకని మళ్ళా సూసేను. మళ్ళా రానేదు."

నా సంగతేమిటని అడగలేదు. అడిగితే చెప్పేలాగే ఉన్నాడు.

"మరి లే, బేగి ఎల్దాం," అన్నాను.

"ఇప్పుడు శవం వొస్తాదండి. పేర్చి, నిప్పు అందుకున్నాక మా బావమరిదికి అప్పజెప్పి వొస్తాను. గంటన్నర పడతాది."

గంటన్నర నేను ఆగగలను. పిల్ల ఆగగలదో లేదో తెలియదు. కొంగు నడుముకి బిగించి కట్టెలు అందుకున్నాను. ఎండిన కట్టె మోగుతుంది, పచ్చి కట్టె మూగగా ఉంటుంది. అడుగున లావువి, మధ్యలో గాలికి సందు. నా చేతులకి ఏదీ మర్చిపోవడం రాదు. అతను ఒక పక్క, నేను ఒక పక్క. ఒకరి కోసం పేరుస్తూ ఇంకొకరు పోకూడదని మొక్కుకోవడం తప్పో ఒప్పో నాకు తెలియలేదు. ఆ ఎండలో చేతిలో కట్టెలు చల్లగా తగిలాయి.

"అమ్మగోరి సెయ్యి తిరిగినట్టుందే," అన్నాడు.

"మాటలాపి పని సూడు."

శవం వచ్చింది. ఎవరో పెద్దావిడ. నా ఈడే. మోసుకొచ్చినవాళ్ళు నన్ను చూసి బిత్తరపోయారు.

"ఓలమ్మ, ఆడమనిసేటి ఇక్కడ?"

"నాకు సాయమొచ్చేరు. మీకేటి?" అన్నాడతను.

నిప్పు అందుకుంది. అతను కుళాయి దగ్గర తలారా స్నానం చేసి, సంచిలోంచి వేరే చొక్కా తీసి వేసుకున్నాడు. నన్నూ నీళ్ళు పోసుకోమన్నాడు. తడి చీరతోనే బస్సెక్కాను. తాళ్ళపాలెం, అనకాపల్లి, ఏ ఊరూ నాకు కనబడలేదు. అతను పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బస్సులో ఎక్కినవాళ్ళందరినీ అతను ఒకసారి చూసి, తల దించుకోవడం నేను గమనించాను. ఆ తర్వాత నేనూ తల ఎత్తలేదు.

మేము వెళ్ళేసరికి నాలుగున్నర. కొడుకు అతని రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. అతను తల వంచుకుని నిలబడ్డాడు, నావైపు చూడలేదు. పరీక్షలు చేసి రక్తం తీసుకున్నారు. అది పిల్లకి ఎక్కించడానికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. గొట్టంలో ఒక్కొక్క చుక్క దిగుతుంటే నేను దాని పాదాలు పట్టుకుని కూర్చున్నాను. మొదట అవి మధ్యాహ్నం నేను మోసిన కట్టెల్లాగే చల్లగా ఉన్నాయి. చాలాసేపటికి బొటనవేలి దగ్గర కొంచెం వేడి తగిలింది. అక్కడ నుంచి మడమ దాకా వచ్చింది. నా చేతుల్లోకి ఎవరో మెల్లగా నడిచి వస్తున్నట్టనిపించింది. ఈసారి వదల్లేదు, గట్టిగా పట్టుకున్నాను.

మర్నాటికి ముక్కు నుంచి రక్తం ఆగింది. నాలుగో రోజుకి లేచి కూర్చుంది. నెల దాటాక అతను ఇంకోసారి వచ్చి తెల్లకణాలో, ఇంకేవో కణాలో ఇచ్చి వెళ్ళాడని, వాటికి మూడు నెలలు ఆగక్కర్లేదని కోడలు చెప్పింది. అతను వచ్చిన వేళకి నేను నీళ్ళు పట్టడానికి వెళ్ళాను, కనబడలేదు.

ఈ సంగతి నా కొడుక్కి ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. కానీ పిల్లకి చెప్పాలనిపించింది. ఒక మధ్యాహ్నం కోడలు భోజనానికి కిందికి వెళ్ళినప్పుడు మంచం దగ్గరికి జరిగాను.

"ఒలే, నీకో మాట సెప్పాలే. ఆ కట్టెలాయన ముందే వొచ్చేడు. నేనే..."

"తెల్సు," అంది.

"ఏటి తెల్సు?"

"కిటికీ కాడే ఉన్నాను గదా. అంతా ఇన్నాను."

గదిలో మిషను ఒకటి కీచుమంటోంది. పిల్ల గోడవైపు చూస్తోంది.

"మరి మీ నాన్నకి సెప్పనేదేం? ముక్కమ్మట అంత రగతం పోతంటే అప్పుడైనా?"

"సెప్తే నాన్న నీతో మాటాడ్డం మానీడా? నువ్వే ఎల్తావనుకున్నాను."

"ఎల్లకపోతే?"

అది నావైపు తిరిగింది. పదిహేనేళ్ళ పిల్ల. కనుబొమ్మలు కూడా రాలిపోయి మొహం ఒట్టి తెల్లగోడలా ఉంది.

"దాహమేస్తంది మామ్మా," అంది.

మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు గ్లాసులో పోసి, తల ఎత్తి పట్టుకుని తాగించాను. కళ్ళు నా మీద నుంచి తియ్యకుండా, గ్లాసు అడుగు దాకా తాగింది.