వరద ఎవరి పాఠం?

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కనున్న బళ్లో సోషల్ చెప్పే కృపానందం సారుకు ఉన్న జబ్బు ఒక్కటే, అసూయ. మనుషుల మీదే అయితే సర్దుకుపోవచ్చు. ఆయనకు వాన మీద కూడా ఉండేది. కొండాపూర్‌లో కుండపోతగా కురిసి, తానుండే బోరబండలో నాలుగు చినుకులే పడితే మర్నాడంతా మొహం ముడుచుకునేవాడు. స్టేషన్లో ఎదుటి ప్లాట్‌ఫాం మీదికి వచ్చే రైల్లో సీట్లు ఖాళీగా ఉన్నాయని కుళ్లుకునేవాడు. ఆ రైలు మనం పోయే వైపు కాదు కదా సార్ అంటే, "అయితే ఏంది, ఖాళీ ఖాళీయే గద" అనేవాడు.

ఏలూరు నుంచి వచ్చి ఆ జూన్‌లో సైన్సు టీచరుగా చేరిన రూబీకి మొదట్లోనే డెంగీ వచ్చింది. కోలుకుని బడికొస్తే ఆయన ఎగాదిగా చూశాడు.

"వచ్చిన కొత్తల్నే డెంగీ. ఇన్నేండ్ల సర్వీసుల నాకు జలుబు దాటి ఏం రాలే," అని నిట్టూర్చాడు.

ఆమె ఏడో తరగతిలో ప్రకృతి వైపరీత్యాల పాఠం మొదలుపెట్టిన రోజున ఆయన గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"వరదలు మా సబ్జెక్టమ్మా."

"సైన్సులో కూడా ఉన్నాయండి."

"ఉంటే ఉండనీ. వరద ఏడొస్తది? భూమ్మీద. భూమి ఎవరిది? సోషల్‌ది."

"మరి పిడుగో సార్? అది పైనుంచి పడుతుంది కదా," అంది ముందు బెంచీలోని వర్షిత.

సారు పైకోసారి, కిందికోసారి చూశాడు. "పడేదాక మేడందే. పడినంక మాది."

క్లాసంతా గొల్లుమంది. రూబీకి మాత్రం నవ్వు రాలేదు. ఆ ఏడాది ఆమెది తాత్కాలిక ఉద్యోగం. డైరెక్టరు భీమేశ్వరరావు గారు డెమో క్లాసు చూసి, నచ్చితే ఖాయం చేస్తారు. నచ్చకపోతే ఆ పీరియడ్లు లెక్కల టీచరు శ్రీనుకు ఇచ్చి, ఆమెను పంపేస్తారు.

డెమో కోసం ఆమె పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఒక ఊరు కట్టింది. మట్టితో చెరువు, నేలకు బదులు స్పాంజి, కాంక్రీటుకు బదులు టైల్స్ ముక్కలు, అగ్గిపెట్టెల ఇళ్లు. స్పాంజి మీద నీళ్లు పోస్తే పీల్చుకుంటుంది. టైల్స్ మీద పోస్తే జారి ఇళ్లలోకి పోతాయి. స్టాఫ్‌రూంలో అది చూసి కృపానందం సారు టబ్బు చుట్టూ తిరిగాడు.

"చెరువు బాగనే చేసినవ్. అలుగేది?"

"అలుగంటే?"

"చెరువు నిండినంక నీళ్లు పొర్లిపొయ్యే తావు. అది లేకుంటే కట్ట తెగుతది. సైన్సోళ్ల చేతిల పడి మా చెరువు ఆగమాయె."

ఆమె పళ్లు కొరుక్కుంటూ ఇంటికెళ్లి అలుగు చేసుకొచ్చింది. మర్నాడు ఇంకోటి పట్టుకున్నాడు. "పల్లంల ఉన్న ఇల్లు ముందు మునుగుతది. అండ్ల ఉన్నోళ్లకు ఎవలు చెప్తరు, ఎట్ల చెప్తరు? అంత నీళ్ల కథే. మనుషులేరి?" ఆ తర్వాత రోజు, టైల్స్ తీసెయ్యలేని ఊళ్లో నీళ్లు ఎక్కడ ఇంకించాలో చెప్పమన్నాడు. అసూయకు ఇంత ఓపిక ఉంటుందని రూబీకి అప్పటిదాకా తెలియదు. తిట్టుకుంటూనే ఒక్కోటీ చదివి, టబ్బులో చేర్చింది.

డెమో రోజు భీమేశ్వరరావు గారు వెనక బెంచీలో కూర్చుని అంతా విన్నారు. తర్వాత లేచి అడిగారు. చెరువుకు అలుగు ఎందుకని. పల్లంలో వాళ్లను ముందుగా ఎలా హెచ్చరించాలని. కాంక్రీటు ఊళ్లో వాన నీళ్లు ఎలా ఇంకించాలని. రూబీ తడుముకోకుండా చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఖాయం చేస్తున్నామండి," అన్నారాయన బయటికొస్తూ. "అసలు ఏం అడగాలా అని కృపానందం గారిని సలహా అడిగాను. ఆ అమ్మాయి నిలబడలేని ప్రశ్నలు చెప్తానని ఇవి చెప్పారు. మీరు నిలబడ్డారు."

రూబీకి ఒళ్లు మండింది. మెట్లు సగం దిగాక కాళ్లు ఆగిపోయాయి. ఆ ప్రశ్నలన్నీ ఆయన తననే ముందు అడిగాడు.

స్టాఫ్‌రూంలో సారు పులిహోర తింటున్నాడు.

"డైరెక్టరు గారికి మీరే చెప్పారటండి."

"చెప్పిన."

"మరి నాకెందుకు ముందే చెప్పారు?"

ఆయన కరివేపాకు ఏరి మూత మీద పెట్టాడు. "నువ్వు ఓడితే నీ పీరియడ్లు శ్రీనుకు పోతయ్. నీ కన్న ఆయన మీద నాకు కుళ్లు ఎక్కువ. ఇందుల నీకు చేసిన మేలేం లేదు, ఫికర్ పెట్టుకోకు."

"థాంక్సండి," అంది రూబీ. ఆయన వినబడనట్టే తిన్నాడు.

ఆ శనివారం ఏడో తరగతిని ఖాజాగూడ గుట్టలకు తీసుకెళ్తూ ఆమె ఆయన్ని కూడా రమ్మంది. ఆయన ఒక బండ మీద అరచెయ్యి ఆనించి, చేపా పక్షీ పుట్టకముందే ఈ రాయి పుట్టిందని మొదలుపెట్టాడు. ఫోను చూసేవాడు లేడు, నీళ్ల సీసా మూత తీసేవాడు లేడు. రూబీ క్లాసులో ఎన్నడూ కుదురుగా కూర్చోని వర్షిత నోరు తెరుచుకుని వింటోంది.

వెనక నిలబడ్డ రూబీకి గుండెలో ఎక్కడో చురుక్కుమంది.

"సారు ఎంత బాగా చెప్తున్నారో కదా మేడం?" అంది వర్షిత వెనక్కి తిరిగి.

"ఆఁ, పర్లేదు," అంది రూబీ.

వర్షిత అటు తిరిగాక, రూబీ మెల్లగా పిల్లల మధ్య నుంచి జరిగి, ముందు వరసలో చోటు చూసుకుని కూర్చుంది.