పదహారు నుంచి అరవై మూడుకు

నేను జగిత్యాలలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. అదే పవర్‌కు వోల్టేజీ తగ్గితే కరెంటు పెరుగుతుందని ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. ఆ ముక్క నా ఇంటికి కూడా వర్తిస్తుందని మాత్రం సిరిసిల్లలోని మా ఇంట్లో సోలార్ ఇన్వర్టర్ పెట్టేదాకా తోచలేదు.

కేబుల్, బ్రేకర్ సైజులు నేనే చూస్తానన్నాను. నా భార్య తమ్ముడు కోరుట్లలో ఎలక్ట్రీషియన్. వాణ్ని పిలుద్దామని ఆమె రెండుసార్లు అంది. పదో తరగతిలో సైన్సు తప్పినవాడితో నా ఇంట్లో ఆంపియర్లు లెక్క కట్టించడం నాకు నామోషీ. ఫ్రిజ్, ఫ్యాన్లు, నూలు కండెలు చుట్టే మోటారు కలిపి పన్నెండు వందల వాట్లు. రెండు వందల ముప్పై వోల్టులతో భాగించి, ఐదు ఆంపియర్లని తేల్చాను. బ్యాటరీల నుంచి ఇన్వర్టర్‌కు ఆరు ఎంఎం కేబుల్ వేసి, పదహారు ఆంపియర్ల బ్రేకర్ పెట్టాను. కాస్త ఎక్కువే ఇచ్చానని మురిసిపోయాను కూడా.

ఇన్వర్టర్ మెట్ల కింద ఉంది. సాంచెలకు, అంటే మరమగ్గాలకు, కావలసిన కండెలు నా భార్య చుట్టేది అక్కడే. చుట్టూ నూలు. మొదటిసారి కరెంటు పోయి మోటారు, ఫ్రిజ్ కలిసి నడవగానే బ్రేకర్ పడిపోయింది.

మా నాన్న సాంచెల షెడ్డులో దీనికి ఒకటే వైద్యం. ఫ్యూజు పోతే రెండు తీగ పోగులు మెలేసి కట్టేవాళ్లం, అవీ పోతే మూడు. నా చదువంతా ఎటు పోయిందో గానీ, చేతులు షెడ్డు అలవాటుకే పోయాయి. పదహారు తీసి ముప్పై రెండు పెట్టాను. అదీ పడింది. అరవై మూడు పెట్టాను. ఇక పడలేదు. ఆ ఘనకార్యం స్టాఫ్ రూములో చెప్పి అందరికీ టీ తాగించాను.

రెండు నెలలకు బామ్మర్ది ఏదో పని మీద వచ్చి, కరెంటు పోయి ఇన్వర్టర్ నడుస్తుంటే మెట్ల కింద తొంగి చూశాడు. కేబుల్ ముట్టుకుని వెంటనే చెయ్యి తీశాడు. బిగింపు దగ్గర పైతొడుగు మెత్తబడింది. నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"బావా, బ్రేకర్ ఉండేది వైరును కాపాడెతందుకు. గీ వైరు ఓపలేనంత కరెంటు పోయినా గిది పడది. ఇంట్ల నూలున్నది."

బ్యాటరీ ఎన్ని వోల్టులని అడిగాడు. ఇరవై నాలుగు అని, అక్కడే ఆగిపోయాను. పన్నెండు వందలను ఇరవై నాలుగుతో భాగిస్తే యాభై. నేను లెక్క కట్టింది ఇంటి వైపు వోల్టేజీకి, కేబుల్ వేసింది బ్యాటరీ వైపు.

మరి ఇన్నాళ్లూ ఎలా అంటుకోలేదని పైకే అనేశాను. నా భార్య కండె మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పింది.

"కరెంటు పోయినప్పుడల్లా వైరు ముట్టుకొని చూస్తున్న. కాలితె మోటర్ బంద్ చేస్తున్న. లెక్క చేసి పెట్టినవు గదా అని నిన్నేం అనలే."

నాకు భయమేసింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

ఆ రోజే బామ్మర్ది పాతిక ఎంఎం కేబుల్ వేసి, దానికి తగ్గ డీసీ బ్రేకర్ బిగించాడు. నేను టార్చి పట్టుకున్నాను. మెయిన్ ఆపి, అన్నీ నడిపించి, అరగంట తర్వాత వైరు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఆ మాటే చెప్పాను. ఆమె లేచి వచ్చి, నా చెయ్యి పక్కకు జరిపి, తనూ ఒకసారి ముట్టుకుని చూసింది.